బూడిదరంగు పెట్టెకు బాధ్యులెవరు?

గోదావరి ఒడ్డున వరద రాకను నూటికి నూరు పాళ్లు కచ్చితంగా చెప్పగల ప్రభుత్వ కార్యాలయం ఒకటి ఉంది. దాని పేరు వరద పూర్వసూచన ఉపకేంద్రం. ఎగువన నీటిమట్టం చూపే కొలమానం దగ్గర నీరు లేచిందంటే, ఆ నీరు దిగువనున్న తాటిరేవులంకలో ఎవరింటి మెట్టు దాకా వస్తుందో అడుగులూ అంగుళాలతో సహా చెప్పగల సామర్థ్యం దానిది. లోపం ఒక్కటే. నీరు లంకకు చేరడానికి ఇరవై రెండు గంటలు పడుతుంది. ఉపకేంద్రంలోని కంప్యూటరు ఆ లెక్క తేల్చడానికి ముప్పై ఒక్క గంటలు తీసుకుంటుంది.

ఈ తొమ్మిది గంటల తేడాను కార్యాలయంలో ఎవరూ లోపంగా భావించలేదు. పై అధికారులకు పంపే నివేదికలో సూచనకూ వాస్తవానికీ మధ్య వ్యత్యాసం రాయడానికి ఒక గడి ఉంది గాని, సూచన ఎప్పుడు వెలువడిందో రాయడానికి గడి లేదు. గడి లేని విషయం ప్రభుత్వంలో జరగనట్టే లెక్క.

దాన్ని లోపంగా భావించిన ఏకైక వ్యక్తి సహాయక ఇంజనీరు గుత్తుల ప్రమీల. ఆమెకు అలా తోచడానికి కారణం, తాటిరేవులంక నుంచి వచ్చే ఫోన్లు ఆమె బల్ల మీదికే వస్తాయి. ఫోను చేసేది అబ్బులు అనే నావవాడు. లంకలోని నూట నలభై గడపల తరఫునా అతను అడిగేది ఒకే ప్రశ్న: నీళ్లు ఎప్పుడొస్తాయి? కిందటేడు ఆ ప్రశ్నకు జవాబు సిద్ధమయ్యేసరికి లంక మునిగి ఉంది. ఆఖరి నావ అందుకోబోయి అబ్బులు వాళ్లన్న సూరిబాబు కొట్టుకుపోయాడు. నీరు తీశాక అబ్బులు ఫోను చేసి నిష్ఠూరమేమీ ఆడలేదు.

"ఈసారి ఓ పూట ముందు చెప్పండమ్మా, చాలు," అన్నాడంతే.

ఓ పూట ముందు చెప్పడానికి ఏం కావాలో ప్రమీల కనుక్కుంది. గ్రాఫిక్స్ కార్డు కావాలి. తెర మీద బొమ్మలు చూపడం కోసం పుట్టిన ఈ పరికరం వేల లెక్కలను ఒకేసారి చేయగలదు. దాన్ని తగిలిస్తే ముప్పై ఒక్క గంటల పని నలభై నిమిషాల్లో తెమిలిపోతుంది. అయితే బజార్లో దొరికిన ఏ కార్డు పడితే అది కుదరదు. ఉపకేంద్రంలోని కంప్యూటరు లినక్స్ అనే నిర్వహణ వ్యవస్థ మీద నడుస్తుంది. ఆ లినక్స్‌కూ కార్డుకూ మధ్య మాట కుదిర్చే ప్రోగ్రాము ఒకటి ఉండాలి. దాన్ని డ్రైవర్ అంటారు. డ్రైవర్ సరిగా లేని కార్డు ఎంత శక్తిమంతమైనదైనా పెట్టెలో ఉన్నట్టే లెక్క.

లినక్స్ ఆ కార్యాలయానికి వచ్చిన వైనం కూడా చెప్పాలి. ఏడాది కిందట శాఖ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పక్షోత్సవాలు జరిపింది. జ్యోతి వెలిగించారు, బ్యానర్లు కట్టారు, ప్రతిజ్ఞ చేశారు. కార్యాలయాలన్నీ లినక్స్‌కు మారాలని, ప్రతి సోమవారం సాయంత్రం యంత్రాలన్నిటినీ విధిగా తాజాపరచి, తాజాపరచినట్టు నివేదిక పంపాలని ఉత్తర్వు వెలువడింది. ఎందుకు తాజాపరచాలో ఉత్తర్వులో లేదు. సోమవారమే ఎందుకో కూడా లేదు.

ప్రమీల స్నేహితురాలు నస్రీన్ ఊళ్లోని ఇంజనీరింగ్ కళాశాలలో అధ్యాపకురాలు. ఆమె ప్రయోగశాలలో రెండు రకాల కార్డులున్నాయి. ఒకటి పసుపు పెట్టెలో వచ్చింది, ఇంకొకటి బూడిదరంగు పెట్టెలో. మే నెలలో సెలవు పెట్టి మరీ ప్రమీల రెంటినీ పరీక్షించింది. బూడిదరంగు పెట్టె కార్డును తగిలించగానే లినక్స్ దాన్ని పాత చుట్టంలా గుర్తుపట్టింది. దాని డ్రైవర్ లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లోనే ఉంది, అందరూ చదవడానికి వీలుగా బహిరంగంగా ఉంది. పసుపు పెట్టె కార్డుకు దాని తయారీ సంస్థ రహస్యంగా రాసిన ప్రోగ్రామును విడిగా తెచ్చి ఎక్కించుకోవాలి. ఎక్కించాక బాగానే నడిచింది. కెర్నెల్‌ను తాజాపరచిన మరుక్షణం తెర నల్లబడింది. మళ్లీ వెలిగించడానికి రెండు రోజులు పట్టింది.

బూడిదరంగు కార్డుకూ ఒక చిన్న జబ్బు కనబడింది. ఎండాకాలపు వేడికి గది కాగిపోయినప్పుడు, కార్డు తన వేడిని తానే నమ్మక, కొలతలో పొరపాటు జరిగిందనుకుని పంకా ఆపేసుకునేది. చల్లటి దేశాల్లో రాసిన ప్రోగ్రాముకు మన మే నెల ఊహకందలేదు. ప్రమీల నాలుగు పంక్తుల దిద్దుబాటు రాసి డ్రైవర్ రాసేవాళ్లకు పంపింది. వాళ్లు రెండు ప్రశ్నలడిగి, పరీక్షించి, చేర్చుకున్నారు. ఆమె ఆ సంగతి మరిచిపోయి, బూడిదరంగు పెట్టె కొనవలసిందని ఒక్క పేజీలో నోటు రాసి పైకి పంపింది. వరదల కాలానికి ఇంకా ఏడు వారాలున్నాయి.

కొనుగోలు కమిటీ సమావేశమైంది. అధ్యక్షులు పర్యవేక్షక ఇంజనీరు తల్లాప్రగడ శేషావతారం గారు. ఆయన ఏ విషయాన్నయినా ముందు సూత్రప్రాయంగా అంగీకరించి, తరువాత ఆచరణలో వ్యతిరేకించేవారు. ఆయన కుడిపక్కన పరిపాలన సూపరింటెండెంటు మట్టపర్తి కామరాజు గారు. నిబంధనల పుస్తకాన్ని ఆయన తెరిచి చూడగా ఎవరూ చూడలేదు. ఆ అవసరం ఆయనకు లేదు. మూడో సభ్యురాలు ప్రమీల.

కామరాజు గారు కొనుగోలు పత్రాన్ని మొదటి నుంచి చదువుకుంటూ వచ్చి పదకొండో గడి దగ్గర ఆగారు. అందులో డ్రైవర్‌కు బాధ్యత వహించువారి పేరు, చిరునామా, సంతకం ఉండాలి. పసుపు పెట్టెకు అవన్నీ ఉన్నాయి. బూడిదరంగు పెట్టెకు ఆ గడి ఖాళీగా ఉంది.

"ఈ రెండో దాని డ్రైవర్ రాసిందెవరమ్మా?" అని అడిగారు.

"చాలామందండి. చాలా దేశాల వాళ్లు. కొందరు ఉద్యోగంగా రాశారు, కొందరు ఇష్టంకొద్దీ."

"ఇష్టంకొద్దీ," అని కామరాజు గారు ఆ మాటను నోట్లో వేసుకుని చూసి, ఉప్పు తక్కువైనట్టు మొహం పెట్టారు. "రేపు ఇష్టం లేకపోతే?"

ఒకరు మానేస్తే ఇంకొకరు చూస్తారని, ప్రోగ్రాము బహిరంగమే కనుక అవసరమైతే మనమే దిద్దుకోవచ్చని ప్రమీల వివరించింది. శేషావతారం గారు కళ్లద్దాలు తీశారు.

"మన కార్యాలయంలో ఒక ఉత్తరాన్ని ఎవరు పడితే వారు చదివి, ఎవరు పడితే వారు దిద్దితే పర్యవసానం ఏమిటమ్మా?"

"తప్పులు తగ్గుతాయండి."

కామరాజు గారు కలానికి మూత పెట్టారు. ఆ గదిలో అది చాలా పెద్ద చప్పుడు.

తరువాత పసుపు పెట్టె సంస్థ పంపిన లేఖను పరిశీలించారు. పదకొండు పేజీలు, ఉబ్బెత్తు అక్షరాల శీర్షిక, రెండు రంగుల గుండ్రటి ముద్ర. ఏడో పేరాను చదవమని ప్రమీల కోరింది. ఈ ప్రోగ్రాము పనిచేయకపోవడం వల్ల గాని, పనిచేయడం వల్ల గాని, కలిగే ఏ నష్టానికీ సంస్థ ఎట్టి బాధ్యతా వహించదని అందులో ఉంది.

"చూశారా, ఎంత బాధ్యతగా రాశారో," అన్నారు శేషావతారం గారు. "కింద సంతకం ఉంది, తేదీ ఉంది. బాధ్యత లేదని చెప్పడానికైనా ఒక మనిషి ఉండాలి కదా. మీ రెండో పెట్టెకు ఆ మాట చెప్పేవాడు కూడా లేడు."

అయినా బూడిదరంగు పెట్టెకు అన్యాయం జరగకూడదని కమిటీ సహృదయంతో తీర్మానించింది. డ్రైవర్ రాసినవారందరి నుంచి బాధ్యతాపత్రం తెచ్చుకున్న పక్షంలో దాన్నీ పరిశీలిస్తారు. ఒక్కొక్కరూ స్టాంపు కాగితం మీద, నోటరీ ఎదుట, ఇద్దరు సాక్షులతో సంతకం చేయాలి. నివాస ధ్రువపత్రం వారి వారి మండల తహసీల్దారు దగ్గర తీసుకోవాలి. విదేశాల్లో తహసీల్దార్లు ఉండరని ప్రమీల మనవి చేసింది. అందుకు సమానమైన హోదా గల అధికారి చాలునని కమిటీ సడలింపు ఇచ్చింది.

రాసినవారి జాబితా బహిరంగంగానే ఉంది. రెండు వేల మూడు వందల పదహారు పేర్లు. ప్రమీల వాళ్లందరికీ చేరేలా ఒక ఈమెయిలు పంపింది. అది పంపినందుకు ఆమె సిగ్గుపడింది; పంపకపోతే లంక మునుగుతుంది కనుక పంపింది. అరగంటలో ఒక జవాబు వచ్చింది. ఎక్కడో మంచు దేశంలో ఉన్న మనిషి, ఈ నోటరీ సంగతి తనకు అర్థం కాలేదని, కార్డు ఎక్కడ ఇబ్బంది పెడుతున్నదో చెప్పి, యంత్రం రాసిపెట్టిన చిట్టా జతచేస్తే ఆ రోజే చూస్తానని రాశాడు.

పసుపు పెట్టె వారి పదకొండు పేజీల్లో లేనిది ఆ మూడు వాక్యాల్లో ఉందని ప్రమీలకు అనిపించింది. కామరాజు గారికి అందులో మూడు దోషాలు కనిపించాయి. సంబోధన లేదు, సంతకం లేదు, పైపెచ్చు ప్రభుత్వ కార్యాలయాన్ని పట్టుకుని పత్రాలు దాఖలు చేయమంటున్నాడు. ఆయన ఆ జవాబును భద్రంగా ఫైలులో కట్టి, పక్కన అమర్యాద అని రాశారు.

అంతటితో ఆగి ఉంటే ఆయన సాధారణ ఉద్యోగి అయి ఉండేవారు. రెండు వేల మూడు వందల పదహారు పేర్లనూ అచ్చు తీయించి, స్కేలు పెట్టి, వరస తప్పకుండా చదవడం మొదలుపెట్టారు. నాలుగో రోజు మధ్యాహ్నం, వెయ్యిన్నీ ఎనిమిది వందల డెబ్బై నాలుగో పేరు దగ్గర స్కేలు ఆగింది. ఆ పేరు గుత్తుల ప్రమీల.

రెండో సమావేశంలో ఆనందమూ ఆందోళనా సమపాళ్లలో కలిశాయి. ఇంతకాలం దొరకని బాధ్యుల్లో ఒకరు దొరికారు. అదీ సొంత కార్యాలయంలో. ప్రమీల ఇది మంచి అవకాశమనుకుంది.

"అయితే నేనే సంతకం పెడతానండి. పదకొండో గడిలో నా పేరు రాయండి."

"ఎలా రాస్తామమ్మా?" అన్నారు కామరాజు గారు జాలిగా. "మీరు తయారీదారులైపోయారు. తయారీదారు కొనుగోలు కమిటీలో కూర్చోకూడదు. అసలు ఈ గదిలోనే ఉండకూడదు."

మర్నాడు మెమో వచ్చింది. "సదరు ఉద్యోగిని తన శ్రమను, అనగా నాలుగు పంక్తులను, పై అధికారి అనుమతి లేకుండా, ప్రతిఫలాపేక్ష లేకుండా, గుర్తుతెలియని విదేశీ వ్యక్తుల సమూహమునకు సరఫరా చేసినట్లు తేలినందున, సదరు ఔదార్యమునకు కారణములు ఏడు దినములలోగా తెలియపరచవలెను. విషయము తేలువరకు సరఫరాదారు హోదాలో సందర్శకుల చీటీపై మాత్రమే కంప్యూటరు గదిలో ప్రవేశించవలెను."

ప్రతిఫలం పుచ్చుకుని ఉంటే దానికి వేరే గడి ఉండేదని కామరాజు గారు చాటుగా చెప్పి ఓదార్చారు. ఏకైక అసమ్మతి సభ్యురాలు సరఫరాదారుగా మారినందున కమిటీ ఏకగ్రీవంగా పసుపు పెట్టెను ఎంపిక చేసింది.

పసుపు పెట్టె కార్డును పూలదండ వేసి ప్రతిష్ఠించారు. సంస్థ మనిషి వచ్చి ప్రోగ్రాము ఎక్కించాడు. నలభై నిమిషాల్లో లెక్క తేలింది. శేషావతారం గారు గడియారం చూసి, సూత్రప్రాయంగా సంతోషించారు. బయట సందర్శకుల బల్ల మీద కూర్చుని ప్రమీల కూడా సంతోషించింది. ఏ పెట్టె అయితేనేం, లంకకు ఓ పూట ముందు కబురందితే చాలు. అయితే సోమవారం యంత్రాన్ని తాజాపరచేటప్పుడు కెర్నెల్‌ను మాత్రం కదిలించవద్దని ఒక నోటు రాసి ఇచ్చింది. సరఫరాదారుల నుంచి సలహాలు స్వీకరించరాదు కనుక అది తిరిగి వచ్చింది.

రెండు సోమవారాలు ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ వారాల్లో కొత్త కెర్నెల్ రాలేదు. మూడో సోమవారం సాయంత్రం వచ్చింది. ఉత్తర్వు ప్రకారం యంత్రాన్ని తాజాపరచారు, తాజాపరచినట్టు నివేదిక పంపారు. మంగళవారం ఉదయం ఆరింటికి ఎగువ కొలమానం దగ్గర గోదావరి లేచింది. ఏడింటికి కంప్యూటరు ముందు కూర్చుంటే పసుపు పెట్టె కార్డు ఉలకలేదు, పలకలేదు. పాత కెర్నెల్‌కు కుదిరిన రహస్య ప్రోగ్రాముకు కొత్త కెర్నెల్‌తో మాట కలవలేదు. యంత్రం తన పాత పద్ధతిలో, ముప్పై ఒక్క గంటల లెక్కకు తీరిగ్గా కూర్చుంది.

పాత కెర్నెల్‌కు వెనక్కి వెళ్తే గంటలో సరిపోతుందని ప్రమీల తలుపు దగ్గర నిలబడి చెప్పింది. తాజాపరచినట్టు నివేదిక వెళ్లిపోయాక యంత్రాన్ని పాతపరచడం తప్పుడు నివేదిక ఇచ్చినట్టవుతుందని కామరాజు గారు లోపలి నుంచి చెప్పారు. శేషావతారం గారు సంస్థకు ఘాటైన లేఖ రాయించారు. సంస్థ నుంచి పదినిమిషాల్లో జవాబు వచ్చింది. దయచేసి ఏడో పేరా చూడగలరు.

ఎనిమిదింటికి అబ్బులు ఫోను చేశాడు.

ప్రమీల బయటి నోటీసు బోర్డు మీద ఎవరైనా చూసుకునేలా అతికించిన కొలమానం అంకెలను ఒక చీటీ మీద ఎక్కించుకుంది. స్కూటరు తీసుకుని కళాశాలకు వెళ్లింది. ఉపకేంద్రం వాడే లెక్కల ప్రోగ్రామును మే నెల పరీక్షలకు ఆమె నస్రీన్ యంత్రంలో పెట్టే ఉంచింది. ఆ యంత్రానికీ కొత్త కెర్నెల్ వచ్చింది. దానితోపాటే బూడిదరంగు కార్డు డ్రైవరూ వచ్చింది. లెక్క ముప్పై ఎనిమిది నిమిషాల్లో తేలింది. నస్రీన్ తెరమీది పటాన్ని పెద్దది చేసి చూసింది. లంకలో నీలం రంగు లేని చోటు మిగల్లేదు.

ప్రమీల ఫోను చేసింది. తొమ్మిది దాటింది.

"అబ్బులూ, రేపు తెల్లారగట్ల నాలుగింటికి. బడి అరుగు మీద మూడడుగులు నిలుస్తుంది. వీధులన్నీ మునుగుతాయి."

అవతల గాలి చప్పుడు మధ్య అబ్బులు ప్రశ్న వినిపించింది.

"ఇది ఆపీసు మాటాండి, మీ మాటాండి?"

"నా మాట. ఆఫీసు మాట రేపు మధ్యాహ్నానికి గాని రాదు."

"అయితే బయల్దేరతామండి," అన్నాడు అబ్బులు.

పొద్దు వాలేలోపు నూట నలభై గడపల మనుషులూ గొడ్లతో సహా గట్టు మీదికి చేరారు. బుధవారం తెల్లవారుజామున నాలుగింటికి నీరు వచ్చింది. ఎవరూ లేని వీధుల్లో తిరిగి, బడి అరుగు మీద మూడడుగులు నిలిచింది. మధ్యాహ్నం రెండింటికి ఉపకేంద్రం పూర్వసూచన విడుదల చేసింది: బుధవారం తెల్లవారుజామున నాలుగింటికి వరద రాగలదు, బడి అరుగుపై మూడడుగుల నీరు నిలవగలదు, ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను. వ్యత్యాసం గడిలో సున్నా వేశారు. ఇంతటి కచ్చితత్వానికి శాఖ ప్రశంసాపత్రం పంపింది.

చిక్కు అక్కడే వచ్చింది. ప్రమీల లంకకు చెప్పిన అంకెలూ ప్రభుత్వ సూచనలోని అంకెలూ చివరి అంగుళం వరకూ ఒకటేనని ఎవరో పత్రికలో రాశారు. కామరాజు గారు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఇంతగా కలిసే రెండు పత్రాల్లో ఒకటి నకలు కాక తప్పదని తేల్చారు. ప్రభుత్వ పత్రం నకలు కాజాలదు. కనుక ప్రభుత్వ రహస్య పత్రాన్ని, అది తయారవడానికి ఇరవై తొమ్మిది గంటల ముందే, ప్రమీల నకలు తీసి బయటపెట్టినట్టు అభియోగం నమోదైంది. రుజువైతే ఉద్యోగం పోతుంది. లంకవాళ్ల ఫోను ఇంకెవరి బల్ల మీదికి వెళ్తుందో, వెళ్తే ఎత్తేవారుంటారో లేదో ఆమెకు తెలియదు.

విచారణాధికారులు శేషావతారం గారే. నమోదు చేసేవారు కామరాజు గారే.

"అవే సమీకరణాలకు అవే అంకెలు ఇస్తే అదే జవాబు వస్తుందండి," అంది ప్రమీల. "ఎక్కడ చేసినా, ఎవరు చేసినా అదే వస్తుంది. రాకపోతేనే అనుమానించాలి."

"ఎవరు చేసినా అదే వస్తే," అన్నారు శేషావతారం గారు గంభీరంగా, "ఇక్కడ మేమందరం ఎందుకున్నామమ్మా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఉద్యోగ నియమాలకు విరుద్ధమని ఆమె ఊరుకుంది.

ఆమె తరఫు సాక్షిగా అబ్బులు వచ్చాడు. వెనక లంకవాళ్లు ముప్పై నలభై మంది వరండాలో నిలబడ్డారు. ఆమె చెప్పిన వేళకే నీళ్లొచ్చాయని, ఆఫీసు కాగితం కోసం కూర్చుంటే తామెవరూ మిగిలేవాళ్లు కాదని అతను సాక్ష్యమిచ్చాడు. కామరాజు గారు రాసుకోవడం ఆపి తలెత్తారు.

"నీళ్లొచ్చిన సమయానికి నువ్వెక్కడున్నావు?"

"గట్టు మీదండి."

"లంకలో లేవన్నమాట. ఈ వచ్చినవాళ్లలో ఎవరైనా ఉన్నారా?"

"లేరండి. లేరు గాబట్టే వచ్చేరండి."

"చెప్పిన వేళకే వచ్చాయో, ముందే వచ్చాయో, ఆ చోట లేనివాడు ఎలా చెబుతాడయ్యా? ప్రత్యక్ష సాక్షి ఒక్కడూ లేడు," అని కామరాజు గారు శేషావతారం గారి వైపు తిరిగారు. శేషావతారం గారు సూత్రప్రాయంగా తలాడించారు. విలువైన ప్రతిపాదన ఒకటి అక్కడికక్కడే రూపుదిద్దుకుంది. వచ్చే వరదకు లంకలో అధికారికంగా ఒక ప్రత్యక్ష సాక్షిని నియమించాలి. అతను నీరు వచ్చేదాకా అక్కడే ఉండి, వచ్చిన వేళనూ లోతునూ స్వయంగా నమోదు చేసి, మూడు రోజుల్లోగా కార్యాలయానికి వచ్చి సంతకం చేయాలి. గౌరవప్రదమైన బాధ్యత కనుక సాక్షి పేరును లంక ప్రజలే సూచించవచ్చు. కామరాజు గారు తెల్లకాగితం తీసి, పైన విషయం రాసి, పేరుకు చోటు వదిలి, అబ్బులు ముందుకు జరిపారు.

అబ్బులు వరండాలో ఉన్నవాళ్ల వైపు ఒకసారి చూశాడు. తరువాత కలం అందుకుని, కాగితం సర్దుకుని, పర్యవేక్షక ఇంజనీరు గారి వైపు వినయంగా వంగాడు.

"తమరి పూర్తి పేరు ఇంటిపేరుతో సహా చెప్పండయ్యగారూ. తప్పు లేకుండా రాత్తాను."

వరండాలో ఎవరూ నవ్వలేదు. అందరూ కిటికీల దగ్గరికి మాత్రం వచ్చారు.

విచారణ ఆ మధ్యాహ్నమే ముగిసింది. అభియోగం రుజువు కాలేదని, సాక్షి అవసరం కలగకుండా ఉండాలంటే సూచన నీటికంటె ముందే వెలువడుట వాంఛనీయమని విచారణాధికారులు అభిప్రాయపడ్డారు. అటువంటి అభిప్రాయం ఆ కార్యాలయ చరిత్రలో మొదటిది.

పదకొండో గడి ఖాళీగా ఉండగానే బూడిదరంగు పెట్టె ఆ పై గురువారం వచ్చింది.